ఉదయం షోలో సెలబ్రిటీ అతిథి, వెంటనే ఆధ్యాత్మిక చింతన. రెండూ అతకడం లేదు, ఏం చేయాలి?

తెల్లారి_ఎఫ్ఎం
కాలేజీ క్యాంపస్ కమ్యూనిటీ రేడియో. ఉదయం 7 నుంచి 8 దాకా లైవ్. వారానికి మూడు రోజులు పేరున్న అతిథి ఉంటారు: సినిమా వాళ్లు, గాయకులు, ఆటగాళ్లు, నాటకాల వాళ్లు. 7:10 నుంచి 7:30 దాకా అతిథితో కబుర్లు, ఆ వెంటనే 5 నిమిషాలు ఆధ్యాత్మిక చింతన, తర్వాత పాటలు. అతిథి ఉన్నంతసేపు వాట్సాప్ మోగుతూనే ఉంటుంది. వీణ బిట్ పడి "ఇప్పుడు ఆధ్యాత్మిక చింతన" అనగానే చప్పుడు ఉండదు. నవ్వుతున్నవాళ్లని లాక్కెళ్లి ప్రవచనంలో కూర్చోబెట్టినట్టు ఉంది. అలాగని తీసేయలేం, దాని కోసమే వినే పెద్దవాళ్లున్నారు. ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? ఎంతసేపు? లైవా, రికార్డింగా? చేసేవాళ్లు వివరంగా చెప్పండి.

మైకు_మావయ్య
ముందు ఆ 5 నిమిషాలు కోసేయండి. కబుర్ల షో మధ్యలో ఒకే గొంతు అంతసేపు చదివితే ఎవరూ ఆగరు. బీబీసీ రేడియో 4లో థాట్ ఫర్ ద డే 1970 నుంచి ఉదయం వార్తల కార్యక్రమం మధ్యలో వస్తోంది. 3 నిమిషాలు కూడా ఉండదు. రేడియో 2 బ్రేక్‌ఫాస్ట్ షోలో పాటలకీ సెలబ్రిటీలకీ మధ్య వచ్చే పాజ్ ఫర్ థాట్ కూడా చిన్నదే.

మీకు 2 నిమిషాల 40 సెకన్లు చాలు. తెలుగులో నిదానంగా చదివితే నిమిషానికి 80–90 మాటలే వెళ్తాయి, మన మాటలు పొడుగు కదా. అంటే స్క్రిప్టు 220 మాటలు, మహా అయితే 230. ఇంగ్లీషు లెక్క పట్టుకుని 400 మాటలు రాయిస్తే వచ్చినాయన పరిగెత్తి చదువుతాడు. పరిగెత్తే గొంతులో చింతన ఏముంటుంది?

గోదారిగాలి
మావయ్య గారి నిడివి లెక్కతో ఏకీభవిస్తా. కానీ అసలు తప్పు వరసలో ఉంది. చింతన అతిథి కన్నా ముందే రావాలి. ఆకాశవాణి వరస చూడండి: సిగ్నేచర్ ట్యూన్, వందేమాతరం, మంగళవాద్యం, ఆ తర్వాత భక్తి సంగీతం, అవన్నీ అయ్యాకే మిగతావి. విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు నిలబెట్టిన భక్తిరంజని తెలుగువాళ్ల చెవులకి ఆ అలవాటు నేర్పింది. 7:05కి చింతన, 7:10కి అతిథి. గొడవే లేదు. పైగా అతిథి ఆలస్యమైతే అప్పటికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఫేడర్_పైకి
గోదారిగాలి గారూ, భక్తిరంజని వినేవాళ్లు దాని కోసమే రేడియో పెట్టుకునేవాళ్లు. 7 గంటల లైవ్ షో అలా కాదు. కాలేజీ బస్సులో, ఆటోలో, టిఫిన్ సెంటర్లో వింటారు, ఎక్కుతుంటారు, దిగుతుంటారు. 7:05కి చింతన పెడితే అతిథి కోసం వచ్చేవాళ్లకి అది అందదు, చింతన వినేవాళ్లు 7:10కి కట్టేస్తారు. ఒకే గంటలో రెండు షోలు నడిపినట్టు అవుతుంది.

నా మాట: అతిథిని రెండు ముక్కలు చేసి మధ్యలో చింతన పెట్టండి. గడియారం ఇలా వేయండి.

7:00 పలకరింపు, వాతావరణం, ఈరోజు ఎవరొస్తున్నారో చెప్పడం (3 నిమిషాలు)
7:03 పాట
7:08 అతిథి మొదటి భాగం, తేలిక కబుర్లు (8 నిమిషాలు)
7:16 పాట, దాని వెనకే ప్రకటనలు
7:23 అతిథితో అర నిమిషం, చింతన చెప్పేవారి పరిచయం
7:24 చింతన (2:40)
7:27 నిదానంగా మొదలయ్యే పాట
7:32 అతిథి రెండో భాగం (10 నిమిషాలు)

చింతన చెప్పేవారు 7:15కే స్టూడియోలోకి వచ్చి కూర్చోవాలి. అతిథి కూడా లేచిపోకూడదు. చింతన నడుస్తుంటే ఎదురుగా ఒక మనిషి వింటున్నారన్న సంగతి చదివేవారి గొంతులో తెలుస్తుంది. గోడని చూస్తూ చదివితే అదీ తెలిసిపోతుంది.

మెహదీపట్నం_మార్నింగ్
ప్రకటనలు చింతనకి ముందు పెట్టడం బాగుంది. వెనక పెడితే కథ కంచికే. పరమార్థం గురించి విన్న మరుక్షణం సిమెంటు ప్రకటన 😀

గోదారిగాలి
ఫేడర్ గారూ, మధ్యలో పెడితే అతిథిని ఇరకాటంలో పెట్టినట్టే. చింతన అవగానే యాంకర్ "మీకేమనిపించింది సార్?" అంటాడు. దేవుణ్ణి నమ్మని నటుడు కావచ్చు, వేరే మతం వాడు కావచ్చు, ఆ పూట మతం మాట ఎత్తడం ఇష్టం లేకపోవచ్చు. లైవ్‌లో తప్పించుకోలేక ఏదో అంటాడు, అదే మర్నాడు వార్త అవుతుంది.

ఫేడర్_పైకి
అది నిజమైన ప్రమాదమే, ఒప్పుకుంటున్నా. అందుకే రెండు కట్టుబాట్లు. ఒకటి, పిలిచేటప్పుడే "మీరున్నప్పుడు 3 నిమిషాల చింతన ఉంటుంది, అది ఫలానా విషయం మీద" అని మెసేజ్‌లో పంపి సరేనన్నాకే ఖాయం చేసుకోవాలి. వద్దంటే ఆ రోజు మీ వరసే, చింతన ముందు. రెండు, చింతన అవగానే అతిథిని దాని మీద అభిప్రాయం అడగకూడదు. పాట పెట్టండి. రెండో భాగంలో విషయం వైపు నుంచి రండి. చింతన ఓర్పు మీద అయితే, గాయకుణ్ణి రికార్డింగ్ థియేటర్లో ఒకే పల్లవి పదిసార్లు పాడాల్సి వస్తే ఏం చేస్తారని అడగండి. తీగ అక్కడ కలుస్తుంది, మతం ఊసు రాదు.

తెల్లారి_ఎఫ్ఎం
ఇది నచ్చింది. అంటే చింతన విషయం అతిథిని బట్టి ఎంచుకోవాలా?

చదువరి_స్క్రిప్టు
అతిథిని బట్టి కాదు, అతిథి పనిని బట్టి. నటుడొస్తే "నటన, మాయ, జగన్నాటకం" అని రాయించకండి, అందరికీ ముందే తట్టేది అదే. చింతన రాసేవారికి అతిథి గురించి నాలుగు వాక్యాలు మూడు రోజుల ముందు పంపండి: ఏం చేస్తారు, పొద్దున్నే ఎన్నింటికి లేస్తారు, చేతితో చేసే పని ఏమిటి, గురువు ఎవరు. అందులోంచి వాళ్లే ఏదో ఒకటి పట్టుకుంటారు.

220 మాటల్లో ఏం పడుతుందో కూడా చెబుతా. మొదటి వాక్యంలో కంటికి కనపడే వస్తువో పనో ఉండాలి, "జీవితం", "మానవుడు", "నేటి సమాజం" అని మొదలైతే తిప్పి పంపండి. పద్యం ఒకటే. ఆటవెలది లాంటి చిన్న పద్యం నిదానంగా చదివితే 15 సెకన్లు. సీసం అయితే ఎత్తుగీతితో కలిపి నిమిషం దాకా లాగుతుంది, మీకు వద్దు. శ్లోకమైనా, ఖురాన్ వాక్యమైనా, బైబిలు వచనమైనా ఒకసారి చదివి, ఒక్క వాక్యంలో తాత్పర్యం చెప్పి వదిలేయాలి. ప్రతిపదార్థం మొదలైతే 2:40 అక్కడే అయిపోతుంది. చివరి వాక్యంలో "కాబట్టి మనమందరం" ఉంటే కొట్టేయండి. చెప్పదలిచింది అంతకు ముందు వాక్యంలోనే అయిపోయి ఉంటుంది, నూటికి తొంభై సార్లు.

ఉషశ్రీ గారి ధర్మసందేహాలు విజయవాడ కేంద్రం నుంచి అంతమంది విన్నారంటే గొంతు ఒక్కటే కారణం కాదు. శ్రోత ఉత్తరంలో అడిగిన ప్రశ్నకి జవాబు అది. మీరూ వారంలో ఒక రోజు శ్రోత ప్రశ్న మీద చింతన చేయించండి.

మైకు_మావయ్య
👆 ఈ పోస్టు ప్రింటు తీసి స్టూడియో తలుపుకి అంటించండి.

టవర్_కింద
అందరూ మాటల గురించే చెబుతున్నారు, ఇంజినీరింగు సంగతి ఎవరూ ఎత్తలేదు. చింతన చెప్పేవారు "ఒక్క నిమిషం కళ్లు మూసుకుని మౌనంగా ఉందాం" అన్నారనుకోండి. మీ సైలెన్స్ డిటెక్టర్ 15 లేదా 20 సెకన్లకి పెట్టి ఉంటుంది. సిగ్నల్ మైనస్ 40 డీబీ (డెసిబెల్) కిందికి పడి అంతసేపు ఉంటే స్టూడియో చచ్చిందనుకుని బ్యాకప్ పాటలు వదిలేస్తుంది. మౌనం మధ్యలో మాస్ పాట. లండన్లో నవంబరు 11న రెండు నిమిషాల మౌనం ప్రసారం చేసే స్టేషన్లకీ ఇదే తలనొప్పి, ముందే డిటెక్టర్ ఆపి ఉంచుకోవాలి. మీరు ఆపడం మర్చిపోతే కష్టం, ఆపి మళ్లీ పెట్టడం మర్చిపోతే ఇంకా కష్టం. కాబట్టి స్క్రిప్టులో విరామం 5–6 సెకన్లు దాటనివ్వకండి. అంతకంటే కావాలంటే అడుగున తంబుర మైనస్ 30 దగ్గర నడిపించండి.

రెండోది కంప్రెసర్, అంటే శబ్దంలో హెచ్చుతగ్గుల్ని సమం చేసేది. కబుర్లకి పెట్టిన సెట్టింగుతో చింతన వదిలితే, విరామం వచ్చినప్పుడల్లా అది గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) పైకి లాగుతుంది. ఏసీ హోరు, కాగితం చప్పుడు, గుటక కూడా ఊరంతా వింటుంది. ప్రాసెసర్లో గేట్ లేదా ఫ్రీజ్ ఉంటే ఆన్ చేయండి, మాట ఆగినప్పుడు గెయిన్ ఉన్నచోటే నిలబడుతుంది. లేకపోతే చింతన ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) దారిలో కంప్రెషన్ 2:1కి తగ్గించండి.

కీబోర్డు_కిట్టయ్య
వీణ బిట్ అసలెందుకు? అది వినగానే "అయిపోయింది, ఇక ప్రవచనం" అని చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది. స్వరం నడుస్తుంటే చెవి స్వరం వెంట పోతుంది, మాట వెంట రాదు.

టవర్_కింద
కిట్టయ్య అన్నది సబబు. సంగీతం ఉండాల్సిందే అంటే తంబుర ఒక్కటే, గొంతు కన్నా 18–20 డీబీ కింద, 200 హెర్ట్జ్ కన్నా కింద ఉన్నది కోసేసి. మగ గొంతు బరువు 100–150 దగ్గరే ఉంటుంది కాబట్టి కోయకపోతే రెండూ కలిసి బుర్రుమంటాయి. చివరి మాటతో పాటు తంబుర ఆపకండి, 2 సెకన్లు నడిచి తగ్గాలి.

ఇంకోటి, "స", "ష" సూదుల్లా వస్తుంటే వాటిని మెత్తబరిచే డీ-ఎస్సర్ 5–8 కిలోహెర్ట్జ్ మధ్య వాడండి. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లో ప్రీ-ఎంఫసిస్ ఎలాగూ పై శబ్దాలని పెంచుతుంది. స్టూడియోలో కొంచెం గుచ్చుకున్నది గాలిలోకి వెళ్లేసరికి బాగా గుచ్చుకుంటుంది. శాంతిః శాంతిః శాంతిః అన్నప్పుడు బయటపడుతుంది చూడండి.

జహీరాబాద్_రోడ్
సెలబ్రిటీ అంటే సినిమోళ్లేనా? మీ ట్రాన్స్‌మిటర్ 100 వాట్లది, పదీ పదిహేను కిలోమీటర్లు దాటదు. ఆ ఊర్లల్ల ఎవరి పేరు చెప్తే అందరు గుర్తుపడ్తరో వాళ్లే సెలబ్రిటీ. ఒగ్గుకథ చెప్పెటాయన, బతుకమ్మ పాటలు కట్టే పెద్దమ్మ, జిల్లా కబడ్డీ పోరి, ముప్పై ఏండ్ల సంది కాన్పులు చేస్తున్న మంత్రసాని. జహీరాబాద్ దగ్గర మాచునూర్ల సంఘం రేడియో 2008 సంది నడుస్తుంది. నడిపెటోళ్లు దళిత మహిళలు. వాళ్లకు సినిమా అతిథి అక్కరే పడలే.

ఇంకో లాభం ఉంది. ఒగ్గు కళాకారుడు అతిథిగ వస్తే మల్లన్న కథ ఆయన నోట్లెనే ఉంటది. ముచ్చట, చింతన రెండు ముక్కలు చేసి అతికే పనే లేదు.

తెల్లారి_ఎఫ్ఎం
నిజమే అన్నా. కానీ సినిమా అతిథి వచ్చిన రోజు కొత్త శ్రోతలు వస్తారు, మేనేజ్‌మెంట్‌కి అదే కావాలి. రెండూ కలిపి నడుపుతాం.

నిబంధన_పుస్తకం
కలపండి కానీ కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాలు ఒకసారి చదవండి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి, జహీరాబాద్ గారు చెప్పినదానికి అది కూడా బలం. మతపరమైన కార్యక్రమం నిషేధం కాదు. కానీ ఒక మతాన్ని కించపరిచేది, మూఢనమ్మకాన్ని పెంచేది, శ్రోతల మతభావాలని సొమ్ము చేసుకునేది రాకూడదు. చింతనలో "ఈ స్తోత్రం 11 సార్లు చదివితే షుగర్ తగ్గుతుంది" లాంటి వాక్యం వచ్చిందంటే అక్కడే ఆగాలి. అందుకే స్క్రిప్టు ముందురోజు సాయంత్రం 5 లోపు చేతిలో ఉండాలి, చదివి సంతకం పెట్టే మనిషి ఒకరుండాలి.

ప్రసారమైన ప్రతిదీ 3 నెలలు దాచాలి. లైవ్ కదా అని వదిలేస్తారు చాలామంది. లాగర్ (ప్రసారాన్ని రికార్డు చేసి ఉంచేది) నడుస్తోందో లేదో రోజూ చూడండి. అతిథి వైపు నుంచి వచ్చే చిక్కు రాజకీయం. ఎన్నికల్లో నిలబడ్డ నటుణ్ణి ఆ నెలల్లో పిలవకండి. తాజా వార్త మీద వ్యాఖ్యానంలోకి కబుర్లు జారితే యాంకర్ పాటకి వెళ్లిపోవాలి, సొంతంగా వార్తలు చెప్పే అనుమతి మనకి లేదు.

మెహదీపట్నం_మార్నింగ్
చింతన చెప్పేవాళ్లని ఎలా తేవాలో కూడా చెప్పండి ఎవరైనా. ఒకే గుడి పంతులు గారు ఆరు రోజులూ వస్తే మిగతావాళ్లు స్టేషన్ మార్చేస్తారు.

ఫేడర్_పైకి
వంతులు వేసేటప్పుడు వాళ్ల వేళలు చూసుకోవాలి. అర్చకులకి ఉదయం 6 నుంచి 8 దాకా గుడిలో పనే, లైవ్‌కి రమ్మనడం అన్యాయం. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, అసలు అడగకండి. ఫజర్ నమాజు సూర్యోదయానికి ముందే అయిపోతుంది కాబట్టి మౌల్వీ గారు 7:15కి రాగలరు, శుక్రవారం మాత్రం వద్దు, మధ్యాహ్నం ఖుత్బా (మసీదులో ప్రసంగం) ఉంటుంది. పాస్టరు గారికి ఆదివారం కుదరదు, శనివారం కూడా ఆదివారం సందేశం పనిలో ఉంటారు. గురుద్వారా, బౌద్ధ విహారం, జైనులు దగ్గర్లో ఉంటే నెలకి ఒక్కసారైనా పిలవండి. ఏ మతమూ చెప్పుకోని తెలుగు మాస్టారు, నర్సు, రైతు కూడా చింతన చెప్పగలరు. థాట్ ఫర్ ద డేలో మతం లేనివాళ్లకి చోటివ్వరని హ్యూమనిస్టులు (మతంతో పని లేని మానవవాదులు) ఏళ్లుగా గొడవ చేస్తున్నారు. ఆ గొడవ మీకెందుకు?

రాలేనివాళ్లవి బుధవారం మధ్యాహ్నం రికార్డు చేసుకోండి, ఒక్కొక్కరివి రెండేసి.

గోదారిగాలి
రికార్డింగ్ అయితే వేరే గదిలో చేసినట్టు తెలిసిపోతుంది. నాకది ఎప్పుడూ కొడుతుంది.

టవర్_కింద
అదే స్టూడియో, అదే కుర్చీ, అదే మైకు. డైనమిక్ మైకు నోటికి 10–15 సెంటీమీటర్లు, కొంచెం పక్కకి తిప్పి. హై-పాస్ (కింది శబ్దాలు కోసే ఫిల్టర్) 80 హెర్ట్జ్. పీకులు, అంటే గొంతు బాగా పెరిగినచోట్లు, మైనస్ 10 డీబీ దగ్గర ఆగాలి. మాట మొదలుకాకముందు 30 సెకన్లు గది నిశ్శబ్దం రికార్డు చేసి పెట్టుకోండి. ఎడిటింగులో దగ్గు కోసినచోట ఉత్త సున్నా పెడితే బొక్క పడ్డట్టు వినిపిస్తుంది, ఆ నిశ్శబ్దం అతికితే తెలియదు. ప్లే చేసేటప్పుడు యాంకర్ "ఇప్పుడు మనతో ఉన్నారు" అనకూడదు, అబద్ధం అవుతుంది. పేరు, ఊరు చెప్పి వదిలితే చాలు.

డాలస్_తెలుగు
ఇక్కడ ఆన్‌లైన్ రేడియో, అతిథులు హైదరాబాద్ నుంచి ఫోన్లో. మీరూ అతిథి రాలేని రోజు ఫోన్ మీదే నడపాలి కదా. మిక్స్-మైనస్ తప్పనిసరి: అతిథికి వెళ్లే ఫీడ్‌లో అతిథి గొంతు తప్ప మిగతావన్నీ ఉండాలి. లేకపోతే తన మాట తనకే తిరిగి వినిపించి రెండో వాక్యానికే తడబడతారు. స్పీకర్ ఫోన్ వద్దనండి, వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి. ఇంట్లో మూలన పరుపూ బట్టలూ ఉన్న గది మంచిది, హాలు గోడలు మోగుతాయి. చింతన మాత్రం ఫోన్ మీద వద్దే వద్దు. కబుర్లకి ఫోన్ గొంతు పర్వాలేదు, నిదానంగా చదివేదాన్ని ఆ గొంతులో మూడు నిమిషాలు వినలేం.

విదేశం నుంచి అతిథిని పిలిచేవాళ్లకి ఒక హెచ్చరిక. డాలస్‌లో ఉదయం 7 అంటే వేసవిలో ఇండియాలో సాయంత్రం 5:30, చలికాలంలో 6:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం మారుతుంది. ఆ వారం అతిథి గంట అటో ఇటో అవుతారు. ఆహ్వానంలో రెండు ఊళ్ల టైమూ రాయండి.

కీబోర్డు_కిట్టయ్య
స్టూడియోకి వచ్చే అతిథికి కూడా చిట్టీ పంపాలి. 7:08కి మైకు అంటే 6:40కి గేటు దగ్గర ఉండాలి. గాజులు, గలగలలాడే గొలుసులు తీసి పెట్టాలి. ఫోన్ సైలెంట్‌లో కాదు, ఫ్లైట్ మోడ్‌లో, సైలెంట్‌లో ఉన్నా టిటిటిట్ అని వైర్లలోకి దూరుతుంది. పాలు పోసిన టీ షో అయ్యాక, ముందు గోరువెచ్చని నీళ్లు. చింతన జరిగేటప్పుడు అతిథి మైకు ఫేడర్ కిందికి దించాలి, మర్చిపోతే ఆవలింత కూడా ప్రసారమే 😄

చదువరి_స్క్రిప్టు
పెద్ద ప్రమాదం ఒకటి ఎవరూ చెప్పలేదు. బుధవారం రికార్డు చేసిన చింతన "నవ్వు" మీద. శుక్రవారం తెల్లవారుజామున మీ మండలంలో బస్సు ప్రమాదం. 7:24కి ఆ ఫైలు ప్లే అయితే క్షమాపణ చెప్పినా చాలదు. డ్యూటీలో ఉన్నవాళ్లు 6:30కి ఆ రోజు చింతన, మొదటి రెండు పాటలు, అతిథి విషయం మూడూ చూసుకోవాలి. దుఃఖం ఉన్న రోజు కోసం ఒకటి, మామూలుగా ఏ రోజైనా సరిపోయేది ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. దుఃఖం రోజుది ఏ మతం వాళ్లు విన్నా తమదే అనిపించేలా రాయించండి. ఏడాదికోసారి మార్చండి.

తెల్లారి_ఎఫ్ఎం
వచ్చే వారం ఫేడర్ గారి గడియారంతో నడుపుతాం, అతిథి ఒప్పుకోని రోజు గోదారిగాలి గారి వరస. వీణ బిట్ తీసేస్తున్నాం. ఒక్క సందేహం. లైవ్‌లో చింతన చెప్పేవారు 2:40 దాటి పోతుంటే ఎలా ఆపాలి? పెద్దవాళ్లు, మధ్యలో తుంచలేం.

మైకు_మావయ్య
తుంచక్కర్లేదు. ముందే స్క్రిప్టులో మూడో పేరా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి "టైము తక్కువైతే ఇది వదిలేయండి" అని చూపించండి. గాజు అవతల నుంచి కాకుండా, వాళ్ల ఎదురుగానే కూర్చున్న యాంకర్ అట్టముక్కలు చూపించాలి: "1 నిమిషం", "30 సెకన్లు", "ముగించండి". అక్షరాలు అరచేయంత పెద్దగా, కళ్లజోడు లేకపోయినా కనపడేలా. అప్పటికీ సాగితే 3:15 దాకా వదిలేయండి, పాట మొదలు కోసి సర్దుకోవచ్చు. చింతన ఆఖరి మాట మీదికి మాత్రం పాట ఎక్కించకండి. రెండు సెకన్లు ఆగి, టైము చెప్పి, పాట. "చాలా చక్కగా చెప్పారు" అనొద్దు.

గోదారిగాలి
టైము చెప్పడం కూడా వద్దు, పేరు చాలు.

మైకు_మావయ్య
బస్సు ఎక్కేవాళ్లకి టైము కావాలండీ.